రెండు మార్కుల ప్రశ్నలు

మాధవాయిపాలెం రేవులో పంటు ఇంకా రాలేదు.
అవతలి గట్టున మోటారు సైకిళ్లు ఎక్కించుకుంటోంది.
సిమెంటు దిమ్మ మీద కూర్చుని
ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నాను.

"కింది సాహిత్య పదాలను నిర్వచింపుము."
నలభై మంది గైడులో ఉన్నదే దించారు.
మెటఫర్‌లో ఒక అక్షరం జారిపోయింది గైడులో.
నలభై పేపర్లలోనూ అదే అక్షరం జారింది.

నలభై ఒకటోది ఒడుగు ధనరేఖ. బియ్యపుతిప్ప.
ఆఖరి బెంచీ. చేపలబుట్టల ఆటోలో వస్తుంది,
వానొస్తే రాదు.

సమాధానాలు ఇంగ్లీషులోనే ఉండాలని రూలు.
అక్షరాలన్నీ ఇంగ్లీషువే రాసింది.
మాటలు మాత్రం తెలుగు,
ఫోన్లో మెసేజీ కొట్టినట్టు.
రూలు తప్పలేదని వాదించినా వాదించొచ్చు.

ప్లాట్ అంటే కార్యకారణాల గొలుసని
ఆరేళ్లుగా చెబుతున్నాను.
ఈ పిల్ల రాసింది:
"మా తిప్పకి వచ్చే దారిలో కొబ్బరితోట కొట్టేసి
తెల్లరాళ్లు పాతారు. ఒక్కోటి మూడు సెంట్లు.
కథ ఇంకా మొదలవలేదు."

కేరక్టర్:
"మగాడికైతే వేషం.
ఆడపిల్లకైతే ఊరు రాసే సర్టిఫికెట్టు."

నవ్వొచ్చింది. పక్కన మల్లెపూల గంప ఆవిడ
ఏంటమ్మా అన్నట్టు చూసింది.

"ఓడ్ అంటే ఓడ కాదని చెప్పారు, గుర్తుంది.
పలకనిదాన్ని పేరు పెట్టి పిలిచి పొగడటం.
బోటింజను స్టార్టవకపోతే మా నాన్న చేసేది అదే.
రెండో నిమిషం నుంచీ తిట్లు.
అప్పుడు దాన్నేమంటారో మీరు చెప్పలేదు."

నాకూ తెలియదు.

సానెట్‌కి పద్నాలుగు పాదాలని మాత్రం రాసి వదిలేసింది.
మలుపు సంగతి మర్చిపోయింది.
వశిష్ఠ నడుమ ఇసుక మేట వేసింది ఈ ఏడు.
పంటు తిన్నగా పోదు, సగం దాటాక ఎగువకి తిరుగుతుంది.
రోజుకి రెండుసార్లు ఆ మలుపు తిరిగి కూడా
బోర్డు మీద చాక్‌పీసుతో గీస్తూ వచ్చాను.

తర్వాత ఎలిజీ.
రెండు మార్కుల ప్రశ్నకి పేజీ నిండా రాసింది.

"మా చిన్నాన్న వేటకెళ్లి రాలేదు.
మా పెద్దమ్మ పదకొండు రోజులు రాగం తీసి ఏడ్చింది.
తనకి బాకీ ఉన్న ఎనిమిది వందలూ ఆ రాగంలోనే చెప్పింది.
వల ఎక్కడెక్కడ చిరిగిందో చెప్పింది.
ఒరే, నీ చెప్పులు వాకిట్లోనే ఉన్నాయిరా, అంది.
మధ్యలో టీ తాగి
ఎక్కడ ఆపిందో అక్కణ్ణించే అందుకుంది.
చివర్లో ఓదార్పు ఉంటుందన్నారు మీరు.
మా పెద్దమ్మదాంట్లో లేదు.
మనిషి దొరకలేదు కదా,
అందుకని ఇంకా అయిపోలేదనుకుంటున్నాను."

ఎర్ర పెన్ను మూత తీశాను, పెట్టాను.
మూలపదం, లక్షణం, ఉదాహరణ:
అరమార్కు, ఒక మార్కు, అరమార్కు.
అలా కోసుకురమ్మని మా విభాగం పద్ధతి.
చెప్పుల్ని దేని కింద వేయను?

ఐరనీ దగ్గర ఏమీ రాయలేదు.
నంబరు వేసి, చుక్క పెట్టి, ఖాళీ.

పంటు వచ్చింది. పోటు మీదుంది నీరు,
నోట్లో పడితే ఉప్పు.
ముందు మనుషుల్ని దిగనివ్వండంటూ కుర్రాడు అరుస్తున్నాడు.
మనుషుల వెనక తాగునీళ్ల టిన్నులు,
ఇరవై రూపాయలవి, వరసలు వరసలుగా
గోదారి దాటి దిగుతున్నాయి.

పేపరు మడిచి బ్యాగులో పెట్టాను.
టికెట్ కుర్రాడు చిల్లర అడిగాడు.
అయిదు నెలలుగా జీతం పడని గెస్ట్ లెక్చరర్‌ని,
బ్యాగంతా వెతికాను.
"రేపియ్యండి మేడం" అన్నాడు.

మేట దగ్గర పంటు తిరిగింది.
మార్కు ఇంకా వేయలేదు.